ముల్లు బొట్టును తాకినప్పుడు

మైదుకూరులో మా నాయనకు వేరుశనగ నూనె మిల్లు ఉండేది. ఏళ్ల తరబడి ఆ మిషన్ల రొదలో నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయనకు గేరు మార్చడం చెవితోనే తెలుసు. ఇంజను శబ్దం వినపడక, మా పాత కారును రెండో గేరులోనే అరిపించుకుంటూ బజారంతా పోయేవాడు. అంగళ్లవాళ్లు పనులాపి నవ్వుతుంటే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఆ నవ్వు ఆయన కంటపడింది. తాళాలు అమ్మ చేతిలో పెట్టి మళ్లీ అడగలేదు. మిల్లుకు కూడా ఎవరైనా దింపితేనే పోయేవాడు. మనిషి సగమైపోయాడు.

రెండువేల ఆరో ఏడో, ఉద్యోగంలో చేరాక నేనొక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అందులో స్పీడు మీటరు పక్కనే ఇంకో గుండ్రటి మీటరు. ఇంజను నిమిషానికి ఎన్ని వేల చుట్లు తిరుగుతోందో దాని ముల్లు చూపిస్తుంది. నాకు డ్రైవింగు నేర్పినతను దాని ఊసే ఎత్తలేదు, నేనూ పట్టించుకోలేదు. అమ్మ మాత్రం బండి పూజనాడు ఆ రెండు మీటర్ల అద్దాల మీదా కుంకుమ బొట్లు పెట్టింది.

ప్రొద్దుటూరు దారిలో పోతుంటే, పక్కన కూర్చున్న నాయన ఉన్నట్టుండి అడిగాడు.

“ఏం పాపా, ఆ ముల్లు బొట్టు దాకా పోతాండాది, నువ్వు గేరు మారుస్తానే దిగిపోతాండాది. యాల?”

నేను చెవితో వినేది ఆయన కంటితో చూస్తున్నాడు! ఆ మీటరు మీద బొట్టు రెండు అంకెకూ మూడు అంకెకూ మధ్య పడి ఉంది. బండి ఆపి, దిగి, నా సీట్లో ఆయన్ను కూర్చోమని సైగ చేశాను.

“హారన్ వినపడని మనిషికి బండిస్తావా, నీకేమన్నా పిచ్చా?” అంది వెనక నుంచి అమ్మ.

“అద్దాలుండాయి లేమ్మా” అన్నాను.

ముల్లు బొట్టును తాకింది. రెండో గేరు. మళ్లీ తాకింది. మూడు. బండి కిమ్మనలేదు.

నెల తిరక్కుండా నా కారులో మిల్లుకు ఒక్కడే పోసాగాడు. అంతలో ఒక శుక్రవారం అమ్మ పాత బొట్లు తుడిచి, అందంగా ఉంటుందని ఆ మీటరు అద్దం నడినెత్తిన, నాలుగు అంకె మీద కొత్తది పెట్టింది. నాయన బుద్ధిగా ముల్లును అక్కడిదాకా తరిమాడు. బజారులో మళ్లీ అదే అరుపు, అదే నవ్వు. తాళాలు మళ్లీ అమ్మ చేతికొస్తాయనుకున్నాను. ఆయనేమో జనాన్ని చూసి, బొట్టు వంక చూసి సంగతి గ్రహించాడట. ఇంటికొచ్చి, “నీ బొట్టు నా పరువు తీసినాది మే” అని అమ్మ ముందు పగలబడి నవ్వాడు.

పై శుక్రవారం, పూజగది వంకైనా చూడని మనిషి కుంకుమ భరిణె పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

“మీ నాయనకు ఇన్నాళ్లకు భక్తి పుట్టినాదే” అంది అమ్మ.

ఆయనకు వినపడలేదు. రెండుకూ మూడుకూ మధ్య వేలితో అద్ది, మిల్లుకు బయల్దేరాడు.