పసుపు అంటిన నెత్తురుచుక్క

ఆ శుక్రవారం పూజలో కొబ్బరికాయ కొడుతుంటే మావారి వేలు చీరుకుంది. పీట మీదున్న పసుపు తీసి అద్ది, గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మా ఇళ్ళలో ఎవరైనా చేసేదే. నెత్తురు ఆగింది, అరచెయ్యంతా పచ్చబడింది. హారతి అయిన కాసేపటికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందే" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నుదుటి మీద చెమట పట్టింది.

రేపల్లెలో మా వీధికి దగ్గరే చిన్న ఆసుపత్రి ఉంది. ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఈసీజీ తీసి, "ఇందులో పెద్దగా తేడా లేదమ్మా. గుండె దెబ్బతింటే నెత్తురులోకి వచ్చే పదార్థం ఒకటుంటుంది, అది కూడా చూద్దాం" అన్నారు. పక్కగదిలో ల్యాబు అమ్మాయి ఆయన వేలు స్పిరిట్ దూదితో తుడిచింది. దూది పచ్చగా అయింది.

"పూజ చేసుకుని వచ్చారా బాబాయిగారూ?"

"పూజ మీ పిన్నిగారిది, గాయం నాదమ్మా."

ఆ అమ్మాయి నవ్వుతూ వేలు పొడిచి, ఒక చుక్క నెత్తురు ప్లాస్టిక్ కార్డు మీద వేసి చిన్న మిషన్‌లో పెట్టింది. ఫలితం చూసిన డాక్టరుగారు మాటలు తగ్గించేశారు. ఆయనకు మాత్రలేవో ఇచ్చి నమలమన్నారు. "ఎక్కువ చూపిస్తోందమ్మా. ఆలస్యం చెయ్యకుండా తెనాలి వెళ్ళండి. అంబులెన్స్ పిలుస్తున్నాను."

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. అక్షరాలూ స్తోత్రాలూ నాన్న ఇంట్లోనే నేర్పారు. రోజూ చదువుకునే స్తోత్రం నిద్రలో అడిగినా చెబుతాను. ఆ రోజు అంబులెన్స్‌లో రెండో శ్లోకం దాటలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటికొస్తూనే ఉన్నాను.

వేమూరు దాటాక మా అక్క కూతురు ఫోన్ చేసింది. బయలుదేరేటప్పుడే దానికి సంగతి చెప్పాను. బాపట్లలో కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తుంది. చక్కెరపాకాన్ని బిగించి మూసిన పాత్రలో మాడబెట్టి, కంటికి ఆననంత సన్నని బొగ్గు నలుసులు తయారుచేస్తుంది. ఊదారంగు దీపం కింద పెడితే ఆ నీళ్ళు నీలంగా వెలుగుతాయి. బావి నీళ్ళలో ఇనుము ఉంటే ఆ వెలుగు మందగిస్తుందట. ఒంట్లో రోగం ఎక్కడ దాక్కుందో చూపించడానికి కూడా అలాంటివి పనికొస్తాయని దాని ఆశ. ఒకసారి నాకు చూపించింది. మసిలో కూడా దేవుడు ఇంత వెలుగు పెట్టాడా అని దణ్ణం పెట్టుకుంటే పడీపడీ నవ్వింది.

ఇప్పుడు దాని గొంతులో నవ్వు లేదు. "పిన్నీ, నెత్తురు వేలికి తీశారా, మోచేతి దగ్గరా?"

"వేలికేనమ్మా."

"ఏ చెయ్యి?"

"దెబ్బ తగిలిన చెయ్యే. పసుపు పెట్టానని చెప్పాగా."

"పిన్నీ, జాగ్రత్తగా విను. ఆ కార్డులో వెలిగే నలుసులు ఉంటాయి. గుండె నుంచి వచ్చే పదార్థాన్ని అవి పట్టుకుంటాయి. ఎంత వెలుగొస్తే అంత ఉన్నట్టు మిషన్ లెక్క. పసుపు కూడా మిషన్ లోపలుండే దీపానికి వెలుగుతుంది, స్పిరిట్‌లో కరిగితే మరీను. శ్రావణ శుక్రవారం వచ్చిందంటే మా ల్యాబులో మమ్మల్ని శాంపిళ్ళు ముట్టుకోనివ్వరు. ముందు చేతులు చూపించండి అంటారు మా సార్."

"అయితే మీ బాబాయికి ఏమీ లేనట్టేనా?"

"అలా అనలేను పిన్నీ. మిషన్ పొరబడి ఉండొచ్చు, పొరబడకపోయీ ఉండొచ్చు. వెనక్కి మాత్రం తిరక్కండి. అక్కడ డాక్టరుకి ఇది చెప్పి మోచేతి దగ్గర తీయించండి. నేను రైలెక్కుతున్నా."

అప్పటిదాకా భయం ఒక్కటే ఉంది. ఇప్పుడు దాని పక్కన ఆశ కూడా చేరింది, అది మరీ ఊపిరాడనివ్వలేదు. నా పసుపు కుంకుమలు చల్లగా చూడమని అమ్మవారిని రోజూ అడిగేదాన్ని, ఇదంతా పసుపు చేసిన పనే అయ్యుండాలి తల్లీ అని మొక్కాను. అలా మొక్కినందుకు మళ్ళీ భయం వేసింది.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. నేను తడబడుతూ చెప్పింది చివరిదాకా విని, ఆయన అరచెయ్యి తిప్పి చూసింది. "అయ్యుండొచ్చమ్మా. అలాగని వదిలెయ్యలేను" అని మోచేతి దగ్గర నెత్తురు తీయించింది. ఈసారి ఆ పదార్థం తక్కువే ఉన్నట్టు వచ్చింది. నేను దణ్ణం పెట్టబోతే ఆపేసింది. "అప్పుడే కాదండి. గుండెకు దెబ్బ తగిలినా నెత్తురులో కనబడటానికి టైం పడుతుంది. ఇంకాసేపాగి మళ్ళీ తీయాలి."

అలా ఆగడమే కష్టమైంది. బాపట్ల నుంచి పిల్ల వచ్చింది, ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పకుండానే పక్కన పెట్టాను. మావారు మంచం మీంచి, "ఏంటే అలా చూస్తావు? నేనేమన్నా పరీక్ష రాస్తున్నానా?" అన్నారు. పిల్ల తడిగుడ్డతో ఆయన అరచెయ్యి తుడుస్తూ కూర్చుంది. గుడికి రమ్మంటే పని ఉందనే పిల్ల. దాని పెదవులు కదులుతుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

రెండో ఫలితం డాక్టరమ్మే స్వయంగా తెచ్చింది. "పెరగలేదమ్మా. గుండెకు దెబ్బ తగల్లేదు. కానీ నొప్పి ఎందుకొచ్చిందో తెలియాలి. నడిపిస్తూ చేసే పరీక్ష ఒకటుంది, వచ్చే వారం తప్పకుండా తీసుకురండి." ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాను. పాపం, సిగ్గుపడిపోయింది. రేపల్లె డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే, "బతికించారమ్మా, ఇకనుంచి సబ్బుతో కడిగించే తీస్తాం" అన్నారు. ఆయన్ని నేనేమీ అనుకోలేదు. నిజంగా గుండెపోటే అయ్యుంటే ఆయన తొందరే మమ్మల్ని కాపాడేది. ఇంటికెళ్ళాక ఆయన పేరున కూడా ఒక దీపం పెట్టాలనుకున్నాను.

మర్నాడు తెనాలి స్టేషన్లో రేపల్లె రైలెక్కుతూ మావారు సంచి అందుకోబోయారు. లాగేసుకున్నాను.

"గాజుబొమ్మనటే నేను?"

"ఆ పరీక్ష అయ్యేదాకా అంతేనండీ."

వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నారు. గాలికి కునుకు పట్టింది. నేను ఎదురుగా కూర్చుని, చొక్కా గుండీలు పైకీ కిందకీ కదులుతున్నాయో లేదో చూస్తూనే ఉన్నాను.