నేను చూపించిన బస్సు

వాన రోజున కిక్కిరిసిన సిటీ బస్సులో ఒక వాసన ఉంటుంది. తడి బట్టలు, డీజిలు, ఎవరి సంచిలోనో నలిగిన కొత్తిమీర. మొన్న ఎల్బీనగర్‌లో బస్సెక్కి కమ్మీ పట్టుకోగానే ఆ వాసన తగిలి, తర్వాతి స్టాపులోనే దిగిపోయాను. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నాలో ఉండిపోయింది.

మాది నల్గొండ దగ్గర పల్లె. నాయిన ఆటో నడపడానికి పట్నం వచ్చి, మీర్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నప్పుడు నాకు ఆరేళ్లు, చెల్లె ఇంకా చంకలోనే ఉంది. ఎండాకాలం కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు నుంచి పోతే మామిడిపండ్ల వాసన, మురిగిన గడ్డి వాసన కలిసి ఇంటిదాకా బట్టలను పట్టుకుని వచ్చేవి. బతుకమ్మ దగ్గర పడిందంటే అమ్మ మక్కలు, పల్లీలు, నువ్వులు వేరువేరుగా వేయించి సత్తుపిండి కొడుతుంటే, ఆ కమ్మదనానికి ఎప్పుడూ చిరచిరలాడే ఇంటి ఓనరమ్మ కూడా మా గుమ్మంలోకి వచ్చి నిలబడేది. అమ్మకు రాని పని లేదు. చదవడం ఒక్కటే రాదు.

అందుకని బస్టాపులో అక్షరాలు చూసే పని నాది. "బిడ్డా, జర సూడు, గిది మనదేనా?" అని ప్రతి బస్సుకూ గట్టిగా అడిగేది. ఐదో తరగతికి వచ్చేదాకా అది నాకు గొప్పగానే ఉండేది.

ఆ ఏడు పండుగకు ముందు అమ్మ చెల్లెను ఓనరమ్మ దగ్గర వదిలి, దానికి గౌను కొనడానికి నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు స్టాపులో మా క్లాసు పిల్లవాడొకడు కనిపించాడు. అమ్మ అడగడం విని, "మీ అమ్మకు బస్సు నంబర్ గూడ సదువ రాదా?" అని పక్కన నిలబడ్డ నలుగురూ వినేలా నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. అంతలో మా దారి కాని హయత్‌నగర్ బస్సు వచ్చి ఆగింది.

"మనదేనా?" అంది అమ్మ.

"ఆఁ, గదే. ఎక్కు."

ఆమె ముందు తలుపు దగ్గర ఆడవాళ్ల మధ్య దూరి ఎక్కింది. నేను వెనక తలుపున ఎక్కుతాననుకుంది కాబోలు. నేను కదలలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి ఆమె చెయ్యి బయటికి వచ్చింది. "ఆపుండ్రి, నా కొడుకు!" అన్న కేక హారన్లలో కలిసిపోయింది.

సరూర్‌నగర్ మీదుగా నడుచుకుంటూ ఇల్లు చేరాను. మధ్యలో వాన పట్టుకుంది. నాయిన తొందరగానే వచ్చాడు. "మీ అమ్మ ఏదిరా?" అన్నాడు. "ఎనకనే ఒస్తుంది" అన్నాను. గంట గడిచింది. నాయిన ఆటో తీసి వెతకబోయి ఒంటరిగా తిరిగొచ్చాడు. చెల్లె ఏడుస్తోంది. నోరు తెరిచి నిజం చెబితే ఎక్కడ వెతకాలో నాయినకు తెలిసేది. చెప్పలేదు. గోడకు ఆనుకుని, గల్లీలో వచ్చే ప్రతి అడుగు చప్పుడూ వింటూ కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు వచ్చింది. చీర మోకాళ్లదాకా బురద, ఒక కాలికే చెప్పు. గుంపులోంచి తలుపు దాకా రాలేక ఎల్బీనగర్ దాటాక దిగి, మళ్లీ ఏ బస్సూ ఎక్కే ధైర్యం లేక దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, షాపు షాపునా నన్ను అడిగి, అక్కడి నుంచి ఇంటికి నడిచింది. గుమ్మంలో నన్ను చూడగానే అక్కడే కూలబడింది. నాయిన కేకలేస్తుంటే, "నేనే తప్పు బస్సు ఎక్కిన. పోరడు మంచిగనే చెప్పిండు" అంది. నమ్మిందనుకున్నాను. ఆ తర్వాత మాత్రం నన్నెప్పుడూ బస్సు నంబరు అడగలేదు. పక్కవాళ్లను అడిగేది.

ముప్పై ఐదేళ్లు గడిచాక అమ్మకు మతిమరుపు మొదలైంది. మొదట కూరలో రెండుసార్లు ఉప్పు, తర్వాత చెల్లె పేరు, చివరకు నేను. దవాఖానలకు తిరిగి తిరిగి నన్ను కూడా డాక్టరే అనుకుని "సారూ" అనేది. ఒక మధ్యాహ్నం పెరుగన్నం తినిపిస్తుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుని గొంతు తగ్గించింది.

"సారూ, ఎవ్వలకు చెప్పొద్దు. మా పోరడు నన్ను కావాలనే గా బస్సు ఎక్కిచ్చిండు."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"వాని మొఖం సూస్తే తెల్వదా? నాకు సదువు రాదని సిగ్గైంది వానికి."

"కోపం రాలే?"

"కోపమెందుకు సారూ? ఒక్కడే గంత రోడ్డు ఎట్ల దాటిండో అని భయమైంది. వాళ్ల నాయినకు తెలిస్తే తోలు తీస్తడు. చెప్పకుండ్రి."

"గా పోరణ్ణి నేనే అమ్మా. తప్పు చేసిన" అన్నాను. ఆమె నా నెరిసిన గడ్డం వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరా? వాడు ఐదో తరగతి సారూ."

అప్పటినుంచి రోజూ సాయంత్రం కాగానే పరేషాన్ అయ్యేది. మంచం దిగబోయేది. "వాడు ఇంటికొచ్చిండా?" అనేది. "ఒచ్చిండమ్మా, అన్నం తింటున్నడు" అంటే గానీ పడుకునేది కాదు. ఆఖరి వారం మాట పడిపోయినా కళ్లు గుమ్మం వైపే ఉండేవి. నేను జవాబు చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ పండ్ల మార్కెట్ లేదు. మీర్‌పేట్‌లో మా గది ఉన్నచోట నాలుగంతస్తుల ఇల్లు లేచింది. నాయిన లేడు. ఆ పదేళ్ల పిల్లవాడు ఇల్లు చేరాడా అని అడిగే మనిషి కూడా లేదు.