నక్షత్రం మింగిన ఇనీషియళ్లు

ఇప్పుడంటే ఏ పని చేసినా ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటున్నాను గానీ, ఆ వయసులో నాకు తెలియనిది లోకంలో లేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మదనపల్లెలో ఒక డీటీపీ సెంటర్లో టైపింగుకు చేరాను. నెల చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. కుప్పంలో మా నాన్నకు కిరాణా అంగడి ఉండేది. "వాళ్లు వద్దంటే మాట్లాడకుండా వచ్చి అంగట్లో కూసో" అని మాట తీసుకుని మరీ బస్సెక్కించాడు. (ఆ అంగట్లో చింతపండు తూచడమంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు.) అందుకే నేనెంత తెలివిగలదాన్నో సెంటరు సారుకు చూపించి తీరాలని పట్టుదల.

నెలాఖరులో పుంగనూరు పాల సొసైటీ వాళ్లు సభ్యుల కార్డుల పని ఇచ్చారు. పేర్ల ఫైలు ఫ్లాపీలో తెచ్చారు. ప్రతి పేరు ముందూ ఒక నంబరు, చుక్క. ఆ నంబర్లేమో అన్నీ తప్పులే. "నంబర్లు తీసేసి పేర్లు మాత్రం ఉంచమ్మా, రెండు దినాలు పట్టినా పర్వాలే" అన్నాడు సారు. లోపల నవ్వుకున్నాను. టెక్స్ట్ ఎడిటర్లో గుర్తులతో మాటలు వెతికి మార్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే విద్య అప్పుడే ఒక పుస్తకంలో చదివి ఉన్నాను. చుక్క పెడితే ఏ అక్షరమైనా అని అర్థం, పక్కన నక్షత్రం పెడితే ఎన్నైనా అని. ప్రతి లైను మొదటి నుంచి చుక్క దాకా కొట్టేయమని ^.*\. అని రాసి మీట నొక్కాను. నంబర్లన్నీ మాయం. సారు నోరు తెరిచాడు. నేను వినయం నటించాను.

ఆ నక్షత్రానికి ఆశ ఎక్కువని, మొదటి చుక్క దగ్గర ఆగకుండా లైన్లో చివరి చుక్క దాకా తినేస్తుందని తర్వాతి పేజీలో ఉందట. నేను మొదటి పేజీతోనే పండితురాలినైపోయాను. మన పేర్లలో ఇంటిపేరు అక్షరానికీ ఒక చుక్క ఉంటుంది కదా. కె. రెడ్డెప్ప, ఎన్. రెడ్డెప్ప, పి. రెడ్డెప్ప అందరూ ఉత్త రెడ్డెప్పలైపోయారు. పని అంత త్వరగా అయిన సంతోషంలో పేర్లెవరూ చూడలేదు. కార్డులు అచ్చయి, లామినేషన్ కూడా అయిపోయింది.

కార్డులు పంచే రోజు పొగడ్తలు వినడానికి నేనూ సారు వెంట పుంగనూరు వెళ్లాను. సెక్రటరీ "రెడ్డెప్పా" అని పిలిచాడు. సగం మంది లేచారు.

"ఏ రెడ్డెప్పప్పా?"

"ఈడ అంతే ఉండాది. ఉత్త రెడ్డెప్ప."

"అట్లయితే నాదే."

"నీదెట్లవుతాది? నేనేమన్నా వెంకటప్పనా?"

కార్డు లేనిదే దాణా ఇవ్వరట, ఎవరూ తగ్గలేదు. సారు నా వైపు చూశాడు. నాకు చింతపండు వాసన తగిలింది.

చివరికి ముందు వరుసలో ఒకాయన విసుక్కున్నాడు. "యాలప్పా ఈ రచ్చ? ఆ అక్షరాలు ఎవురు సూసినారు? నన్నందరూ బోరింగు రెడ్డెప్ప అంటారు. అదే రాయమ్మా." మార్కర్ పెన్నుతో రాసిచ్చాను. వెనకే జెర్సీ ఆవు రెడ్డెప్ప, మిలిటరీ రెడ్డెప్ప వచ్చారు. ఒక పెద్దాయన మాత్రం నా దగ్గరికొచ్చి చిన్నగా, "నాకట్లాంటి పేరేం లేదమ్మా. నువ్వే ఏదన్నా పెట్టు" అన్నాడు. ఏం తోచక "మంచి రెడ్డెప్ప" అని రాశాను.

"ఆయప్ప మంచి రెడ్డెప్పయితే మేమేంది?" అని గోల చేశారు గానీ, అందరూ నవ్వుతున్నారు. పెద్దాయన కార్డును పైజేబులో పేరు కనబడేలా పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో సారూ నేనూ మదనపల్లె చేరాం. దిగేటప్పుడు, "రేపు తొందరగా రామ్మా" అన్నాడు.

"పన్లో ఉన్నట్టేనా సార్?"

"ఉండు. ఆ నక్షత్రం నాక్కూడా నేర్పిద్దువు. దాన్ని యాడ ఆపాల్నో ముందు నువ్వు నేర్సుకో."

ఎస్టీడీ బూత్ నుంచి నాన్నకు చెప్పాను. "సరే, చింతపండుకు వేరే మనిషిని సూసుకుంటాలే" అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం పెడితే మొదటి చుక్క దగ్గరే ఆగుతుందని ఆ వారమే నేర్చుకున్నాను. ఇప్పటికీ మరవకుండా పెడుతున్నాను. పెట్టిన ప్రతిసారీ, ఆగడం తెలియని ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంత జాగ్రత్త అప్పుడే ఉండుంటే పనిలో ఏ తప్పూ జరిగేది కాదు గానీ, పుంగనూరులో మంచి రెడ్డెప్పే ఉండేవాడు కాదు.