తూచిపెట్టిన గుండ్లు

బాన్సువాడలో మాది చిన్న వెండి బంగారు దుకాణం. ఇంటర్లో ఎన్‌సీసీలో చేరాక నాకు ఎయిర్ రైఫిల్ పిచ్చి పట్టింది. నన్ను చూసి, డిగ్రీ చదువుతున్న మా అన్న కూడా మొదలుపెట్టాడు. దుకాణం వెనక రేకుల షెడ్డులో పది మీటర్లు కొలిచి, ఇద్దరం ఒకే తుపాకీతో వంతులవారీగా కాల్చేవాళ్లం.

ఒకే డబ్బాలోని సీసపు గుండ్లు కూడా ఒక్క తీరుగా ఉండవు. బరువులో కాస్త తేడా ఉన్నా దెబ్బ పక్కకు పోతుంది. రాష్ట్ర పోటీలకు ముందు నెల రోజులు, నాన్న భోజనానికి లేచినప్పుడల్లా నేను బంగారం తూచే కాటా ముందు కూర్చున్నాను. గాలికి అంకె మారుతుందని ఫ్యాను ఆపేసేదాన్ని. ఎండాకాలం, మెడ మీదుగా చెమట కారేది. చిన్న పట్టకారుతో ఒక్కో గుండునూ పట్టి తూచి, అంచు నొక్కుకుపోయినవి పక్కన పడేసి, సరితూగినవాటిని దూది పరిచిన డబ్బాలో పేర్చాను.

"గింత ఓపిక నాతోని కాదు చెల్లె" అని అన్న నవ్వేవాడు.

పోటీ రోజు అన్న వంతు పొద్దున, నాది మధ్యాహ్నం. అతను కాల్చి వచ్చి తుపాకీ నా చేతికిచ్చాడు. సంచి తెరిచి చూస్తే నా డబ్బా ఖాళీ.

"అన్నా, నా గుండ్లేవి?"

"నేనే కాల్చిన. అన్నీ ఒక్కటే గదా! గా కొత్త డబ్బా తీస్కో."

తూచని గుండ్లతోనే కాల్చాను. తప్పు గుండ్లదో, నా కోపానిదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్క పాయింటుతో నా ఎంపిక పోయింది. అన్న జాతీయ పోటీలకు ఎంపికయ్యాడు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పుకున్నాను.

"ఇంట్ల ఎవరికొస్తే ఏంది బిడ్డా? వానికి నౌకరికి పనికొస్తది" అన్నాడు.

పనికొచ్చింది. క్రీడల కోటాలో అన్నకు ఉద్యోగమొచ్చింది. నన్ను దుకాణంలో కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఈమధ్య కాలేజీవాళ్లు అన్నను పిలిచి శాలువా కప్పారు. "ఒక్కొక్క గుండు తూచి పెట్టుకుంటుంటి" అని పిల్లలకు చెప్పాడు. నేను రెండో వరుసలో కూర్చుని విన్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. "అన్నా, తూచింది ఎవరు?"

ఒక్క క్షణం ఆలోచించాడు. "నేనే గదా. ఏంది, గట్లడుగుతున్నవ్?"

అతనికి నిజంగానే గుర్తులేదు. తెలిసి అబద్ధమాడినా బాగుండేదనిపించింది. కంచంలో అన్నం పెట్టి లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. అదీ అతను గమనించలేదు.