దాసరి పురుగులకు తునికాకు కషాయం

కొడుకుల్లేని ఇంట్లో అల్లుడు కొడుకులా ఉండిపోవడాన్ని మా వైపు ఇల్లుటం అంటారు. ఎల్లారెడ్డిలో మా మామకు ఒక్క కూతురు, రెండు జతల ఎడ్లు, ఒక ఆముదం చేను. ఈ లెక్కలో చివరివాణ్ణి నేను. ఎడ్లను పొద్దుగూకితే కట్టేసేవారు. నన్ను కట్టేయనక్కర్లేదు, దర్వాజా వైపు చూస్తే చాలు, మామ దగ్గేవాడు. ఆ దగ్గుకు ఆమడల దూరంలోని తాడ్వాయిలో పిట్టలు లేచేవి.

నిజాంసాగర్ నీళ్ళు కొత్తగా పారుతున్న రోజులవి. మా చేనుకు అవి ఎక్కలేదు, అందుకే ఆముదం. నా మనసంతా మా ఊరు కామారెడ్డి మీద. అక్కడి ధాన్యం దుకాణంలో నాకు గుమాస్తా పని ఖాయమైంది. దసరాలోగా చేరకపోతే ఇంకొకరికి పోతుంది. ఈ మాట మామకు చెప్పే ధైర్యం కూడగట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. సరిగ్గా నేను నోరు తెరిచిన రోజే చేనుకు దాసరి పురుగు పట్టింది.

అడుగడుగునా నడుం పైకెత్తి, దించి, సాగిలపడుతూ నడిచే పురుగు అది. అంత వినయంగల జీవికి అంత ఆకలి ఉంటుందని ఎవరూ అనుకోరు. అవి ఆకు నమిలే చప్పుడుకు నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. నాలుగో రోజుకు సగం చేనులో ఈనెలే మిగిలాయి.

"చేను బతికిస్తే దసరాకు పో, అల్లుడా," అన్నాడు మామ.

"బతకకుంటే?"

"యాసంగి అయినంక సూద్దాం."

యాసంగి కోతలు ఎండాకాలంలో. అప్పటికి ఆ దుకాణంలో నా జాగాలో ఇంకొకడు కూర్చుని ముసలివాడైపోతాడు.

చేను గట్టున, బీడీలు చుట్టే ఆకు కాసే తునికి చెట్టు ఒకటి ఉంది. దాని ముదురాకు మీద ఒక్క కాటు లేదు. సంగతేమిటో చూద్దామని ఒక ఆకు నమిలాను. నాలుక అంగిలికి అంటుకుపోయి, సాయంత్రం దాకా సైగలతోనే కాపురం చేశాను. తోళ్ళు పదునుచేసి చెప్పులు కుట్టే పెద్దాయన నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గది వొగరు, అల్లుడు పటేలా. తంగేడు చెక్కల గూడ గదే ఉంటది. తోలును పట్టుకుంటే కుళ్ళనియ్యది. పురుగు కడుపుల వడితే తిన్నదాన్ని పట్టుకోని అరగనియ్యది. లేతాకుల వొగరు తక్కువ, గందుకే పురుగు లేతదే దేవులాడుతది."

నాకు కామారెడ్డి రైలు కూత వినబడింది.

ఎల్లారెడ్డి అడవిలో సగం ముదురాకు దూసి తెచ్చాను. బెల్లం వండే ఇనుప పెనంలో పోసి ఉడికించాను. ఇనుముకు వగరు తగిలితే నల్లబడుతుందని పెద్దాయనను అడిగితే చెప్పేవాడు, నేను అడగలేదు. కషాయం కాటుకైంది. నా చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

"ఏందయ్యా, ఇగ బువ్వ గూడ నేనే తినిపియ్యాల్నా?" అంది నా భార్య.

మామ మాత్రం పెనంలోకి తొంగిచూసి మురిసిపోయాడు. "గింత నల్లగైందంటే మందుల బలమున్నట్టే!"

వేప కొమ్మలతో చేనంతా చల్లాం. వారం తిరిగేసరికి పురుగు మాయం. మామ ఊరంతా తిరిగి చెప్పాడు. మిగిలినవాళ్ళకు ఆయన దగ్గే చెప్పింది.

నేను ఊరికే ఒక మడతపడిన ఆకు విప్పాను. లోపల పురుగు గూడు కట్టుకుని హాయిగా నిద్రపోతోంది. ఇంకొకటి విప్పాను, అందులోనూ అంతే. కడుపునిండా తిని పడుకున్నాయి, రేపోమాపో రెక్కలతో లేచి మళ్ళీ గుడ్లు పెడతాయి.

"ఆకు తన లోపట దాసుకున్న వొగరు వేరు, నువ్వు మీదికెల్లి సల్లింది వేరు," అన్నాడు పెద్దాయన, గూళ్ళు తీసుకెళ్ళి చూపిస్తే. "నీది మొన్నటి వానకే కొట్కపాయె."

"దసరా దాంక నోరు మూసుకో," అంది నా భార్య. మూసుకున్నాను. ఈసారి తునికాకు అవసరం కూడా రాలేదు.

పండుగ దగ్గరపడ్డాక మామ ముందు నిలబడ్డాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గింత గుణమున్నోన్ని ఎట్ల పంపుత? మల్ల పురుగొస్తే ఎవలు జూస్తరు?"

గెలుపే నన్ను ముంచుతోందని అర్థమై, ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా మందుతో పురుగు చావలేదని, గూడు కట్టుకుని పడుకుందని, మళ్ళీ లేస్తుందని. మామ కళ్ళు చెమర్చాయి.

"పురుగు ఎప్పుడు పంటదో, ఎప్పుడు లేస్తదో గూడ నీకెరికేనా? ఇగ నిన్ను అస్సలు పంప."

మర్నాడు కామారెడ్డికి బండి కట్టారు. ఎక్కింది మామ. నా కోసం జాగా ఆపొద్దని దుకాణం సేటుకు తానే స్వయంగా చెప్పి రావాలట. ములుగర్ర నేనే అందించాను.

"జర చేను మీద కన్నేసి ఉంచు, అల్లుడా," అని బండి తోలాడు. చేను మీద రెక్కల పురుగులు అప్పటికే ఎగురుతున్నాయి.