నూలు సంచుల మీద నా పరిశోధన

నాలుగు నిమిషాల వీడియోతో మా గల్లీలో సగం ఇళ్ల నోటికాడి కూడు ఆపిన ఘనుణ్ణి నేను. నవ్వండి, కానీ తిట్టకండి. తిట్టాల్సిన వాళ్లు అప్పుడే తిట్టేశారు.

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ ఊళ్లోనే డిండోలిలో మా ఒంటిగది ఇంట్లో నాకు మిగిలిన పని ఫోన్‌లో సినిమాలు చూడడమే. ఒకదాంట్లో విలేకరి మంత్రిగారి గోదాము ముందు దాక్కుని, లారీకెక్కుతున్న మూటలను కెమెరాలో పట్టి ఏకంగా ప్రభుత్వాన్నే పడగొట్టాడు. సినిమా అయిపోయింది గానీ నాకు దాని మత్తు దిగలేదు.

మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఎదురుగా నేను పనిచేసే మగ్గాల కార్ఖానా కనిపించింది. మేస్త్రీ నర్సయ్య కాక నూలు సంచులను టెంపోలోకి ఎక్కిస్తున్నాడు. పక్కన వార్డు లీడరు. మగ్గం ఆడని రోజుల్లో నూలెక్కడికి పోతోంది? చెప్పండి, మీరైనా అనుమానించరా?

నీళ్ల ట్యాంకు వెనక నక్కి వీడియో తీశాను. గొంతు బరువు చేసి, "కార్మికుడు పస్తులుంటుంటే లీడర్లు నూలు అమ్ముకుంటున్నరు. జవాబు చెప్పాలె" అన్నాను. ఇక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కణ్ణుంచి ఎవరు పంపారో గానీ, గంటలో పోలీసులొచ్చి టెంపో ఆపేశారు. నేను పెళ్లికొడుకులా మెట్లు దిగాను. కింద నా భార్య పద్మ నిలబడి ఉంది.

"వీడియో నువ్వే తీసినవా?"

"నేనే. ఇంకెవ్వరికున్నది గంత ధైర్యం?"

"ఆ సంచులల్ల ఏమున్నదో చూసినవా?"

"నూలు. ఇంకేముంటది?"

"బియ్యం" అంది. "మనోళ్లు గణపతికి చందాలిచ్చినోళ్లు. గిన్నె పట్టుకొని లైన్ల నిలవడుమంటే నిలవడుతరా? అందుకే కాక, లీడర్ను బతిలాడి తెచ్చిన బియ్యాన్ని నూలు సంచులల్ల పోసి, ఎవలకు తెల్వకుంట ఇంటింటికి పంపుతుండు."

టెంపో దగ్గరికి ఉరికాను. ఇన్‌స్పెక్టర్ సంచి విప్పమంటున్నాడు. కిటికీలన్నిట్లో తలలే. కాక చేతులు జోడించి, "ఇక్కడ వద్దు సాబ్" అంటున్నాడు గానీ ఎందుకో చెప్పడం లేదు. ఆ ముసలాయన చేతులు చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

వెళ్లి ఇన్‌స్పెక్టర్ చెవిలో నాకొచ్చిన హిందీలో అంతా చెప్పాను. ఆయన ఒక సంచి కొద్దిగా విప్పి, లోపల చెయ్యి పెట్టి తడిమాడు. కిటికీల వైపు చూశాడు. సంచి మూతి తనే కట్టేసి, అందరికీ వినపడేలా, "ధాగా హీ హై. జానే దో" అన్నాడు. నూలేనట, పోనివ్వమన్నాడు.

కాక నన్ను తిట్టలేదు. "సంచులు మొయ్యి" అన్నాడంతే. నూలు చిక్కులు తీయడానికి ఇళ్లకు పోతోందని, నాకు బుద్ధి లేదని నేనే గ్రూపులో ఇంకో వీడియో పెట్టాను. రెండో మాటను మాత్రం అందరూ వెంటనే నమ్మారు.

వీపు విరిగేలా మోశాక ఒక్క సంచి మిగిలింది.

"ఇదెవరింటికి, కాకా?"

"నీ ఇంటికే. నిన్న సినిమా చూసుకుంట తిన్న బువ్వ యాడికెల్లి వచ్చిందనుకున్నవ్, బిడ్డా?"

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. నేను తవ్వితే మా అన్నం గిన్నే బయటపడింది. కనుక మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రభుత్వాన్ని పడగొట్టాలన్నా, ముందు మా ఇంటి బియ్యం డబ్బా మూత తీసి చూస్తాను.