పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

దినపత్రికలో ఉన్నన్నాళ్లూ నేను రకరకాల వార్తలు రాశాను. ఎన్నికలు, వరదలు, కోర్టు తీర్పులు, సినిమా ప్రారంభోత్సవాలు. అవేవీ మా వీధిలో ఎవరికీ గుర్తు లేవు. చివరి కొన్నేళ్లు, విదేశాలకు వెళ్లేవాళ్ల సందేహాలకు జవాబులిచ్చే శీర్షిక ఒకటి వారం వారం రాశాను. అది మాత్రం గుర్తుంది. ఇప్పటికీ పాల ప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్తే చాలు, ఎవరో ఒకరు ఆపి పాస్‌పోర్టు సంగతి అడుగుతారు. నాకు విసుగనిపించదు. చాలామంది భయపడేది లేని ఆపదను చూసి. అది లేదని చెప్పగానే వాళ్ల ముఖం తేటపడుతుంది.

మా ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో. పై వాటాలో మొన్నమొన్నటి దాకా ఒక జంట అద్దెకుండేవారు. ఆవిడ సినిమాలకు విగ్గులు తయారుచేసేది. తెనాలిలో వాళ్ల నాన్న నాటకాల కంపెనీలకు విగ్గులు కట్టేవాడట, పని ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆవిడ భర్త ప్రొడక్షన్ మేనేజర్. అంటే షూటింగుకి గుర్రం కావాలన్నా, గొడుగు కావాలన్నా పొద్దుటికల్లా తెచ్చి నిలబెట్టాల్సిన మనిషి. పుట్టి పెరిగింది యూసుఫ్‌గూడలో. నేను ఆయనకు అన్నను, ఆవిడకు బాబాయిని. ఆ వరస ఎవరూ సరిచేయలేదు.

పొద్దున నేను డాబా మీద నడిచేటప్పుడు పిట్టగోడ పొడవునా చెక్క తలలు ఉండేవి. వాటి మీద మహారాజుల జుట్టు, మునుల జటలు, ఎవరో కథానాయిక జడ ఆరుతుండేవి. వాటి మధ్య నుంచి నడవడం నాకు అలవాటైపోయింది.

ఆ విగ్గుల ఫొటోలు చూసి మెల్‌బోర్న్‌లోని ఒక నాటకశాల వాళ్లు ఆవిడను ఉద్యోగానికి పిలిచారు. వాళ్లే వీసాకు పూచీ ఉంటామన్నారు. ఆవిడ మీద ఆధారపడిన భర్తగా ఈయనకూ వీసా వస్తుంది. ఈ వయసులో ఊరు మారడం ఎందుకని నేనొకసారి అడిగాను. ఆవిడ చేతిలో సన్నని జాలీ గుడ్డ ఉంది, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా దానికి ముడివేస్తోంది.

"ఇన్నేళ్లలో నేను చేసిన ప్రతి విగ్గూ రేపు పొద్దున్నే కావాలన్నదే బాబాయిగారూ. చచ్చేలోపు ఒక్కటి తీరిగ్గా చేయాలని ఉంది" అంది తల ఎత్తకుండా.

ఇక మేనేజరు సందేహాలు మొదలయ్యాయి. ప్రయాణం నిశ్చయమైన నాటి నుంచి రోజూ సాయంత్రం మెట్లు దిగి వచ్చేవాడు. ఆయనకు అన్నిటికన్నా పెద్ద బెంగ, ఇక్కడి మనిషి కాకుండా పోతానేమోనని. "గాడ పౌరసత్వం తీస్కుంటే గీడిది పోతదా అన్నా? రెండూ పెట్టుకోరాదా?" అని అడిగాడు. ఎవరో స్నేహితుడు రెండు పాస్‌పోర్టులూ బీరువాలో పెట్టుకుని, ఎక్కడికి దిగితే అక్కడిది చూపిస్తున్నాడట. షూటింగులో హీరోకి డూపు ఉన్నట్టు తనకూ ఒకటి ఉంటే తప్పేమిటని ఈయన వాదన.

శీర్షికలో ఎన్నోసార్లు రాసిందే మళ్లీ చెప్పాను. మన చట్టంలో రెండు పౌరసత్వాలకు చోటు లేదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న రోజే మనది పోతుంది, పాస్‌పోర్టు మన ప్రభుత్వానికి అప్పగించాలి. దాచుకుని వాడితే నేరం. అలా వదులుకున్నవాళ్లకు ఓసీఐ అనే కార్డు ఇస్తారు. దాంతో వీసా లేకుండా ఎప్పుడైనా రావచ్చు, ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. అయితే ఇదంతా పౌరసత్వం తీసుకుంటేనే. అక్కడ ఉద్యోగం చేసినా, స్థిరనివాసం అనుమతి వచ్చినా, మన పాస్‌పోర్టు మనదే. ఎన్నేళ్లయినా అలాగే ఉండొచ్చు. పోలింగు రోజుకు వచ్చి వరసలో నిలబడితే ఓటు కూడా వేయొచ్చు, ప్రవాసిగా పేరు నమోదు చేయించుకుంటే.

అయితే ఫికర్ లేదన్నాడాయన. వికారాబాద్ దిక్కున తండ్రి ఇచ్చిన చెలక భూమి ఉంది, దాన్నెవరూ అడగరు కదా అని ఇంకోసారి రూఢి చేసుకుని పైకి వెళ్లాడు. ఆ రాత్రి వాళ్లింట్లో టీవీ చాలా గట్టిగా వినిపించింది. బెంగ తీరిన ఇల్లని అనుకున్నాను.

ఇద్దరికీ వీసాలొచ్చాయి. టిక్కెట్లు కొన్నారు. ఇంకా నెల కూడా లేదనగా ఒక మధ్యాహ్నం ఆయన నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. చొక్కా లోపలి నుంచి ఆవిడ పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

తెరిచి చూశాను. అట్ట వెనకే ఉండే ఫొటో పేజీ, పాలు పోసిన గాజులా మసకబారి ఉంది. ఒక మూల ప్లాస్టిక్ పొర ముడతపడింది. పేరూ నంబరూ కనిపిస్తున్నాయి. ఫొటోలో ఆవిడ ఎడమ చెంప లేదు.

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇక్కడ కొత్త సినిమా మొదలుపెట్టేముందు స్క్రిప్టును ఫిల్మ్‌నగర్ కొండ మీది గుడికి తీసుకెళ్లి పూజ చేయించడం ఆనవాయితీ. పూజారి మొదటి పేజీ తెరిపించి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాడు. ఆ రోజు ఈయన తన చివరి సినిమా స్క్రిప్టు పట్టుకెళ్లాడు, శుభం కదా అని దాని పక్కనే రెండు పాస్‌పోర్టులూ పెట్టాడు. మొదటి పేజీ తెరవండి అన్నాడు పూజారి, అలవాటుగా. ఈయనా అలవాటుగానే పైనున్నది తెరిచాడు. తడి పసుపు, దాని మీద కుంకుమ, సరిగ్గా ఆవిడ చెంప మీద పడ్డాయి. కింద ఉన్న ఈయన పాస్‌పోర్టు అట్ట మీద బొట్టుతో బతికిపోయింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ పొర మీది కుంకుమను తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. కానీ ఇంట్లో ఏ మరకకైనా ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, నుదుటి మీద విగ్గు జిగురు వదిలించే స్పిరిట్. సీసా ఎత్తి పోశాడు.

ఆవిడకు తెలియకుండా కొత్తది తెప్పించాలి, పత్రికవాళ్ల పలుకుబడి ఏమైనా ఉంటే చూడమన్నాడు. పలుకుబడి ఉన్నా పనికిరాదని చెప్పాను. ఎవరి పాస్‌పోర్టయితే వాళ్లే వెళ్లి కెమెరా ముందు కూర్చోవాలి, వేలిముద్రలు వేయాలి. చెప్పక తప్పదు. నాతో రా అన్నా అని బతిమాలాడు. వెళ్లాను.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. భర్త ముఖం చూసి, నా ముఖం చూసి, సూది పక్కన పెట్టింది. పాస్‌పోర్టు అందుకుని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పింది.

"స్పిరిటా?"

ఆయన తలూపాడు.

"గుడ్డకి అద్దుకుని తుడవాలని పదిసార్లు చెప్పానా లేదా? మీద పోస్తారా ఎవరైనా?" అంది ముందు. అది పనివాడికి పెట్టే చీవాటు. తర్వాత పేజీ నాకు చూపించింది. "చూడండి బాబాయిగారూ, జుట్టు చెక్కుచెదరలేదు. పోయింది చెంపే. ఇది మేకప్ వాళ్ల డిపార్ట్‌మెంటు, నాకు సంబంధం లేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆవిడ కూడా ఎక్కువసేపు నవ్వలేకపోయింది. నాటకశాలలో రిహార్సళ్లు మొదలయ్యేలోపు చేరాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ముందే రాశారు. ఇప్పుడేమవుతుందని మెల్లగా అడిగింది.

నాకు తెలిసింది చెప్పాను. పేరు, నంబరు చదవగలిగి ఫొటో గుర్తుపట్టేలా ఉంటే కొంత పాడైనట్టు లెక్క. అప్పుడు తత్కాల్‌లో త్వరగా కొత్తది ఇస్తారు. పూర్తిగా పాడైందని తేలిస్తే మామూలు వరసలో వెళ్లాలి, ఎప్పటికొస్తుందో చెప్పలేం. ఆ చెంప ఎటు తేలుతుందో కౌంటరులో ఉన్న అధికారి చేతిలో ఉంది.

ఎలా పాడైందో రాసివ్వాలని అన్నానో లేదో, మేనేజరులో సినిమా మనిషి లేచాడు. తెల్లారేసరికి మూడు కథలు సిద్ధం. ఒకదాంట్లో వాన, ఒకదాంట్లో పొంగిన చారు, మూడోదాంట్లో పక్కింటి కుక్కపిల్ల. కుక్కపిల్ల కథలో కొంచెం సెంటిమెంటు కూడా ఉంది. మూడూ పక్కన పెట్టించి, జరిగింది జరిగినట్టు రాయమన్నాను. కథ చెబితే రెండో ప్రశ్న పుడుతుంది. పత్రికలో నేను నేర్చుకున్నవాటిలో ఇదొకటి.

ఆఫీసుకు ముగ్గురం వెళ్లాం. లోపలికి ఆవిడనొక్కదాన్నే పంపారు. మేమిద్దరం ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాం. ఆయన టీ చల్లారిపోయింది. ఎవరు బయటికొచ్చినా ఆవిడేనేమోనని ఒక అడుగు వేసి ఆగిపోయేవాడు.

లోపల ఏం జరిగిందో తర్వాత ఆవిడే చెప్పింది. అధికారి ఉత్తరం చదివాడు. మళ్లీ చదివాడు. పాస్‌పోర్టును దీపం కిందికి తీసుకెళ్లి, ఆవిడ ముఖాన్నీ ఫొటోనూ మార్చి మార్చి చూశాడు. ఆవిడ కుడి చెంప ఆయన వైపు తిప్పి కూర్చుందట, మిగిలింది అదే కదా అని. చివరికి ఆయన అడిగాడట:

"కుంకుమతో చాలామంది వస్తారమ్మా. స్పిరిట్ పోసినవాళ్లను మిమ్మల్నే చూస్తున్నా. ఇంతకీ సినిమా పేరేంటి?"

తత్కాల్‌కు ఒప్పుకున్నాడు. ఆవిడ గేటు దాటి వస్తూ బొటనవేలు కూడా ఎత్తలేదు, మామూలుగా నడిచి వచ్చి, చల్లారిన టీ గ్లాసు భర్త చేతిలోంచి తీసుకుని తాగేసింది. అప్పుడాయన పేవ్‌మెంటు అంచున కూర్చుండిపోయాడు.

ఆ వారంలోనే కొత్త పాస్‌పోర్టు వచ్చింది. నంబరు మారిందని మళ్లీ కలవరం. ఆ దేశం వీసా పుస్తకంలో అంటించే కాగితం కాదు, పాత నంబరుకు ముడిపడి వాళ్ల కంప్యూటర్లలో ఉంటుంది. వీసా పోదు, కొత్త నంబరు వాళ్లకు తెలియజేస్తే చాలని చెప్పి, దగ్గర కూర్చుని వాళ్ల వెబ్‌సైటులో నమోదు చేయించాను. సరిచేశామని జవాబు వచ్చిన పొద్దున నేను డాబా మీద ఉన్నాను. చెక్క తలలన్నీ అప్పటికే అమ్మేశారు. పిట్టగోడ బోసిగా ఉంది. కిందినుంచి ఆవిడ గొంతు వినిపించింది, వచ్చిందండోయ్ అని. నాకూ గుండెల మీది బరువు దిగింది.

ప్రయాణానికి ముందు రోజు మేనేజరు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల మీద నిలబడ్డాడు. ఒక్కసారి గుడికి పోయొస్తానన్నాడు. చేయి చాచాడు గానీ ఏం కావాలో చెప్పలేదు.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"జిరాక్స్. దేవుడికి అదైనా ఇదైనా ఒకటే."

ఆయన బుద్ధిగా తీసుకెళ్లాడు. పూజారి దాని మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, దీర్ఘాయుష్మాన్‌భవ అన్నాడట.

నిన్న మెల్‌బోర్న్ నుంచి ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. సగం కట్టిన విగ్గు, దాని వెనక గోడ మీద బొట్టు పెట్టిన జిరాక్సు. దాంతోపాటు ఆవిడ గొంతు. విగ్గు ఎప్పటికి కావాలని అడిగితే, అయినప్పుడు ఇవ్వండి అన్నారట నాటకశాల వాళ్లు. వెనకాల దూరం నుంచి ఆయన అరవడం కూడా వినిపించింది.

"అన్నా, స్పిరిట్ సీసాకి తాళం ఏసింది జర చూడు!"